నూట పదిహేడు, హాజరు

పోయినవారం నేనొక అబద్ధం చెప్పి, కౌంటరు కిటికీ మూసేసి, లోపల గోడకు ఆనుకొని నిలబడిపోయిన దగ్గర ఆపాను. ఆ అబద్ధమేమిటో మరిచిపోయినవాళ్ళకూ, నా గోల ఇప్పుడే మొదటిసారి వింటున్నవాళ్ళకూ కలిపి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తర్వాత నన్ను మధ్యలో ఆపొద్దు.

నేను సమీక్షా మండలిలో గుమాస్తాని. యుద్ధం మొదలైన నెలలో తెచ్చిన భద్రతా చట్టం కింద ఎవరినైనా సరే, కేసు లేకుండా, విచారణ లేకుండా లోపల వేయొచ్చు. వాళ్ళ పేరు పైకి అనకూడదు, నంబరే అనాలి. అంత పెద్ద చట్టంలో ప్రభుత్వం చెయ్యి పట్టుకొని ఆపేది ఒకే ఒక్క సెక్షను, తొమ్మిదోది. తొంభై రోజులకోసారి ఆ మనిషిని మండలి ముందుకు తేవాలి. అతని మాట అతని నోటితోనే వినాలి. వినకపోతే తొంభై ఒకటో రోజు పొద్దున్నే తలుపు తీసి ఇంటికి పంపేయాలి. కాల్పులు ఆగి ఎనిమిది నెలలైంది. మా ఆఫీసు కిటికీ అద్దాలకు అప్పట్లో అంటించిన కాగితం పట్టీలు పచ్చబడి ఊడిపోతున్నాయి. కానీ యుద్ధం ముగిసిందన్న ప్రకటన మీద సంతకం పెట్టాల్సినవాళ్ళు పెట్టలేదు. కాబట్టి కాగితం మీద యుద్ధం నడుస్తూనే ఉంది, నంబర్లు లోపలే ఉన్నాయి.

ఇక అబద్ధం. ఒక టైలరమ్మ మా కౌంటరుకొచ్చింది. ఆమె తమ్ముడు రేడియో మెకానిక్. అమ్మా నాన్నా పోతే తనే పెంచింది. అతన్ని పట్టుకెళ్ళి ఏడాదిన్నర. కోర్టులో పిటిషను వేస్తే ప్రభుత్వంవారు ఒక కాగితం దాఖలు చేశారు. నూట పదిహేడో నంబరు మొన్నమొన్నటి పదిహేనో తారీఖున మండలి ముందు హాజరయ్యాడు, చెప్పుకోవడానికి ఏమీ లేదన్నాడు అని అందులో ఉంది. అడుగున గుమాస్తా సంతకం, అంటే నాదే. "మీరు చూశారు కదక్కా, ఎలా ఉన్నాడు?" అని అడిగింది పాపం. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. అయినా నా నోరు ఊరుకోదే! "బాగానే ఉన్నాడమ్మా. కాస్త చిక్కాడు. వెళ్ళేటప్పుడు నవ్వాడు" అనేశాను. ఆమె నా రెండు చేతులూ కళ్ళకద్దుకొని వెళ్ళిపోయింది.

పంతొమ్మిది రోజుల తర్వాత, మంగళవారం పదకొండింటికి మళ్ళీ వచ్చింది. చేతిలో గోధుమరంగు కాగితం చుట్టిన పార్సెలుంది. పోయినసారి 'అక్కా' అన్న మనిషి ఈసారి "మేడమ్" అంది.

"రండమ్మా, కూర్చోండి" అన్నాను.

"కూర్చోడానికి రాలేదు మేడమ్. ఇది నిన్న పోస్టులో వచ్చింది."

కౌంటరు బల్ల మీద పార్సెలు విప్పింది. ఒక చొక్కా, ఒక ప్యాంటు, ఒక కళ్ళజోడు. చొక్కా చేతులు రెండూ పక్కపక్కన పెట్టి అరచేత్తో సాపు చేసింది. "ఇది నేను కుట్టిందే. వాడి కుడి చెయ్యి ఎడమదానికంటే అర అంగుళం పొడుగు. నాకూ నా టేపుకూ తప్ప ఎవరికీ తెలీదు. చూడండి, ఈ చెయ్యి పొడుగుంటుంది."

చూశాను. పొడుగే ఉంది.

చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది. జైలు స్టోరు చీటీ. టైపు చేసి, ముద్ర కొట్టి, రిజిస్టరు నంబరు వేసి, ఎంత పద్ధతిగా ఉందో! నూట పదిహేడు తాలూకు సామాను, వారసులకు పంపడమైనది. చొక్కా ఒకటి, ప్యాంటు ఒకటి, కళ్ళజోడు ఒకటి. మరణం: నాలుగో తారీఖు, ఆస్పత్రి వార్డులో.

అదే నెల నాలుగో తారీఖు.

ఒకటికి నాలుగుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా నాలుగు పదిహేనవలేదు. జైలు స్టోరులో కూర్చునే గుమాస్తా కూడా నాలాంటివాడే అయ్యుంటాడు. తన రిజిస్టరు తను నింపాడు, తన ముద్ర తను కొట్టాడు, ఆలస్యమైనా పార్సెలు పంపాడు. నా రిజిస్టరు నేను నింపాను. మా ఇద్దరి రిజిస్టర్లూ ఒకచోట పెట్టి చూడాలని ఈ దేశంలో ఎవరికీ తోచలేదు. తోచింది ఈ టైలరమ్మకే.

"నాలుగో తారీఖున పోయినవాడు పదిహేనో తారీఖున మీ గదిలో ఎలా నవ్వాడు మేడమ్?"

చీటీ తిప్పి వెనకవైపు చూశాను. అక్కడేమీ రాసి లేదు.

"పంతొమ్మిది రోజులు ఆ నవ్వు మీద బతికాను. మిషను తొక్కుతుంటే అదే కళ్ళ ముందు. చిక్కాడన్నారు కదా, పాతవి వదులైపోతాయని నడుము అంగుళం తగ్గించి కొత్త ప్యాంటు కుట్టాను. నిన్న పొద్దున కాజాలు కూడా అయిపోయాయి. ఇస్త్రీ చేస్తుంటే పోస్టుమ్యాన్ వచ్చాడు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది. "మీరు చూసిందెవర్ని?"

పక్క సీటులో డిస్పాచ్ గుమాస్తా పెన్ను ఆపి ఇటే చెవి వేశాడు. వాడి చెవులకు సెలవుండదు. నేను తాళంచెవి తీసుకొని లేచాను. "నాతో రండి" అన్నాను. మండలి గదిలోకి బయటివాళ్ళను తీసుకెళ్ళడం నేరం. ఆ గదిలో జరిగింది బయట ఒక్క మాట చెప్పినా ఏడేళ్ళు. చేరిన రోజునే ప్రమాణం చేయించుకున్నారు, దాని మీదా నా సంతకముంది. అయినా నా కాళ్ళు మూడో అంతస్తుకు ఎక్కేశాయి.

మంగళవారం గది ఖాళీగా ఉంటుంది. పొడుగు బల్లకు అటు మూడు మెత్తటి కుర్చీలు. ఇటు ఒక చెక్క కుర్చీ. దాని కాలొకటి పొట్టిది, కింద పాత ఫారం ఒకటి మడతపెట్టి దూర్చి ఉంటుంది.

"మీ తమ్ముడు ఈ గదికి ఎప్పుడూ రాలేదమ్మా" అన్నాను. "ఎవరూ రాలేదు. వంతెనలు కూలిపోయాయి, వ్యాన్లన్నీ సైన్యం తీసుకుంది. జైలు నుంచి మనుషుల్ని తేవడం కుదరదన్నారు. సెక్షనేమో తేవాల్సిందే అంటుంది. అప్పుడొక సర్క్యులర్ వచ్చింది. నిర్బంధితుల తరఫున మండలి సిబ్బందిలో ఒకరు హాజరు కావచ్చు అని."

"ఎవరు హాజరయ్యారు?"

"నేనే."

ఆమె కుర్చీ వంక చూసింది. నేను చెప్పుకుపోయాను, ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. మా అధ్యక్షుడు రిటైరైన జడ్జి, మేమంతా పెద్దాయన అంటాం. చెడ్డవాడేం కాదు, నా పెళ్ళిరోజు గుర్తు పెట్టుకొని అడుగుతాడు. మొదటి రోజు ఆయనే నవ్వుతూ, "అమ్మాయ్, ఆ కుర్చీలో మనిషి ఉండాలంటోంది సెక్షను. నువ్వు మనిషివేగా, కూర్చో" అన్నాడు. యాభై నాలుగేళ్ళ దాన్ని, ఆయనకింకా అమ్మాయినే. కూర్చున్నాను. ఆయన నంబరు పిలిస్తే లేచి నిలబడి 'హాజరు' అనేదాన్ని. మొదటిసారి ఆరు నంబర్లు. తర్వాత నలభై. పదిహేనో తారీఖున రెండువందల పదకొండు. నిర్బంధితుడి మాటలు అన్న గడిలో రాయడానికి టైము చాలట్లేదని ఒక రబ్బరు ముద్ర చేయించారు. 'చెప్పుకోవడానికి ఏమీ లేదన్నాడు.' హాజరు అనడం, కూర్చోవడం, ముద్ర కొట్టడం. మళ్ళీ లేవడం. మోకాళ్ళు అరిగిపోయాయని ఆఫీసంతా నన్ను ఆటపట్టించేవాళ్ళు.

"తప్పనిపించలేదా?"

"నిజం చెప్పనా? అనిపించలేదు. వాళ్ళ తరఫున ఎవరో ఒకరం ఉన్నాం కదా అనుకున్నాను." చెప్పాక నాకే సిగ్గేసింది.

"మరి నవ్వాడన్నారే?"

దీనికి జవాబు పంతొమ్మిది రోజులుగా నన్ను పీక్కుతింటోంది. "ఆ రోజు నాకు దగ్గు. నూట పదహారయ్యాక దగ్గుతెర ఆగలేదు. నీళ్ళు తాగుతున్నాను. పెద్దాయన నూట పదిహేడు అని రెండుసార్లు పిలిచారు. 'ఈయనగారు ఆలస్యంగా వస్తున్నట్టున్నారు' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే లేచి హాజరు అన్నాను. ఆ గదిలో మీ తమ్ముడి నంబరు మీద నవ్వింది నేనేనమ్మా."

అప్పటికి అతను పోయి పదకొండు రోజులు.

టైలరమ్మ బల్లకు అటుపక్కకు నడిచింది. పెద్దాయన కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకొంది. "కూర్చోండి" అంది నాతో.

"ఎందుకమ్మా?"

"వాడి ఆఖరి మాట మీ నోట్లోంచి వచ్చింది. ఎలా వచ్చిందో నేను వినాలి. కూర్చోండి."

కూర్చున్నాను. ఆమె నన్ను చూసి, కళ్ళు మూసుకొని, "నూట పదిహేడు" అంది.

లేచాను. నోరు తెరిచాను. మాట రాలేదు. కింద వీధిలో ఎవరో హారన్ కొడుతున్నారు. ఆమె మళ్ళీ పిలిచింది. ఈసారి నంబరుతో కాదు, చిన్నప్పుడు వాణ్ణి అన్నానికి పిలిచే ముద్దుపేరుతో. నేను కుర్చీ పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చాను.

"అప్పుడు వచ్చిన మాట ఇప్పుడెందుకు రాదు?" అని, జవాబు కోసం ఆగకుండా పార్సెలు చంకలో పెట్టుకొని మెట్లు దిగిపోయింది.

మెట్ల మొదట్లో ఆమె లాయరు నిలబడి ఉంది. చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు, చేతిలో ఫైళ్ళ బరువుకు ఒక పక్కకు వంగిపోయింది. నేను దిగేసరికి టైలరమ్మ నా మాటలన్నీ ఆమెకు చెప్పేసినట్టుంది.

"రేపు పదిన్నరకు విచారణ. మీరు ఫైలు తీసుకొస్తారు కదమ్మా?"

"తేవాలి. నా పనే అది."

"అయితే ఒక్కమాట వినండి. చీటీలో తారీఖు తప్పు పడింది, మండలి ఫైలే కరెక్టు అంటారు రేపు. మనిషి లేడు కాబట్టి కేసు మూసేయమంటారు. నూట పదిహేడును నేను వెనక్కి తేలేను. కానీ పదిహేనో తారీఖున ఆ కుర్చీలో వాళ్ళెవరూ లేరని తేలితే, మిగిలిన రెండువందల పదిమందికీ తొంభై రోజులు ఎప్పుడో దాటిపోయినట్టే. సర్క్యులర్‌తో సెక్షన్ని చెరిపేయడం ఎవరి తరమూ కాదు. యుద్ధమైనా సరే. ఆ రోజే తలుపులు తీయాలి."

"నన్ను సాక్షిగా పిలువమ్మా, చెప్తాను" అన్నాను.

"పిలవలేను. మండలి గదిలో ఏం జరిగిందని కోర్టు అడగడానికి వీల్లేదని అదే చట్టంలో ఉంది. నేను ప్రశ్న వేస్తే నోరు నొక్కేస్తారు. మీ అంతట మీరు చెప్తే తప్ప..." చేతిలో ఫైళ్ళు సర్దుకుంది. "ఏడేళ్ళని నాకు తెలుసు. మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు."

సాయంత్రం మా ఆయన్ను గుండె డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. నెలకోసారి వెళ్తాం. హాల్లో నర్సు టోకెన్లు పిలుస్తోంది. మాది ముప్ఫై రెండు. ఆమె పద్దెనిమిది అంటే నేను లేచాను. పంతొమ్మిది అంటే లేచాను. "ఏమే, కూర్చోవే, జనం చూస్తున్నారు" అని మా ఆయన కొంగు పట్టి లాగారు. మండలి గదికి వెళ్ళని రోజుల్లో కూడా నాకిది రెండు నెలలుగా ఉంది. ఇంట్లో కుక్కరు ఎన్ని కూతలు కూస్తే అన్నిసార్లు నా మోకాళ్ళు కదులుతాయి. ఆ రెండువందల పదకొండుమందీ నా ఒంట్లో కాపురం పెట్టారు, ఎవరి వంతుకు వాళ్ళు లేస్తున్నారు.

ఇంటికొచ్చాక అంతా చెప్పేశాను. ప్రమాణం పొద్దున్నే మంటగలిసింది కదా.

"ఆ పదిహేనో తారీఖు నువ్వు ఇంటికొచ్చి నాకు చెప్పావు. గుర్తుందా?" అన్నారాయన. "ఇవాళ రెండువందల పదకొండుసార్లు లేచి కూర్చున్నానండీ, ఇక నాకు వ్యాయామం అక్కర్లేదు అన్నావు. నేను నవ్వాను. నేనూ నవ్వానే!"

"ఏడేళ్ళండీ."

"తెలుసు."

"మీ మందులు ఎవరు చూస్తారు? ఏ మాత్ర పొద్దున్నో, ఏది రాత్రో కూడా మీకు తెలీదు."

"చీటీ రాసి బీరువాకి అంటించు" అన్నారు. నేను కసురుకున్నాను. మర్నాడు పొద్దున నేను ఫైలు సంచి సర్దుకుంటుంటే ఆయన వెనకనుంచి వచ్చి అందులో నా స్వెటరు పెట్టారు.

"ఎండలు మండిపోతుంటే స్వెటరెందుకండీ?"

"అక్కడ గచ్చు చల్లగా ఉంటుందట" అని, నా వైపు చూడకుండా వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. ఆ మనిషి మీద నాకు ముప్ఫై ఏళ్ళుగా ఉన్న కోపాలన్నీ ఆ క్షణాన పోయాయి. మళ్ళీ వస్తాయి, అది వేరే సంగతి.

కోర్టులో మూసిన విచారణ. జనం ఉండరు. జడ్జిగారు, ప్రభుత్వ లాయరు, మా లాయరు పిల్ల, ఒడిలో పార్సెలు పెట్టుకొని టైలరమ్మ. ముందు వరసలో పెద్దాయన. నన్ను చూసి, "ఏం అమ్మాయ్, దగ్గు తగ్గిందా?" అని ఆప్యాయంగా అడిగారు. వెనక బెంచీ చివర కూర్చున్నాను.

లాయరు పిల్ల చెప్పినట్టే జరిగింది. చీటీలో తారీఖు గుమాస్తా పొరపాటన్నాడు ప్రభుత్వ లాయరు. జైలు స్టోరులో ఉండేవాళ్ళకు అంత శ్రద్ధ ఉండదన్నాడు. మండలి ఫైలు మాత్రం ముగ్గురు పెద్దల సమక్షంలో తయారైంది, దాన్ని అనుమానిస్తే దేశ భద్రతనే అనుమానించినట్టన్నాడు. ఫైలు నా చేతిలోంచి జడ్జిగారి చేతిలోకి వెళ్ళింది. ఆయన ఆ పేజీ తిప్పి, నా ముద్ర గట్టిగా చదివారు. హాజరయ్యాడు. చెప్పుకోవడానికి ఏమీ లేదన్నాడు.

లాయరు పిల్ల లేచి, ఆ రోజు కుర్చీలో కూర్చున్నదెవరో చెప్పాలంది. ప్రభుత్వ లాయరు చట్టం తెరిచి చూపించాడు. జడ్జిగారు నిట్టూర్చి, "ఆ ప్రశ్న నేను వేయకూడదమ్మా" అన్నారు. ఆమె కూర్చుంది. ఇంకేం చేయగలదు పాపం.

"ఇక పద్ధతి ప్రకారం కానిద్దాం" అన్నాడు ప్రభుత్వ లాయరు. "నంబరును మూడుసార్లు పిలిపించండి. ఎవరూ రాకపోతే హాజరు కాలేదని రాసి కేసు మూసేయండి. ఫైలు వెనక్కి తీసుకెళ్తాం."

అదీ సంగతి. ఆ ఫైలు ఒకసారి వెనక్కి వెళ్తే బీరువాలోకి వెళ్తుంది, బీరువాకు తాళం పడుతుంది, రెండువందల పదిమంది దాంతో పాటే.

బంట్రోతు తలుపు తీసి, ఖాళీ వరండాలోకి మొహం పెట్టి పిలిచాడు. "నూట పదిహేడూ!"

వరండా చివరిదాకా వెళ్ళి ఆ కేక తిరిగొచ్చింది. ఎవరూ రాలేదు.

"నూట పదిహేడూ!"

టైలరమ్మ వెనక్కి తిరిగింది. తలుపు వైపు చూడలేదు, నా వైపు చూసింది. కోపం లేదు ఆ కళ్ళల్లో. పార్సెలు కట్టిన దారం విప్పుతూ, మళ్ళీ ముడేస్తూ ఉంది. నా ఒళ్ళో సంచి, సంచిలో స్వెటరు. నిన్న నోరు తెరిచినా రాని మాట గొంతులోకి వచ్చి కూర్చుంది. రేపు పొద్దున మా ఆయనకు ఏ మాత్ర ఎవరిస్తారు భగవంతుడా అనుకున్నాను. చీటీ రాసి అంటించనైనా లేదు.

"నూట పదిహేడూ!"

మోకాళ్ళు చప్పుడు చేశాయి. ఈసారి వాటంతటవి లేవలేదు, నేనే లేచాను.

"హాజరు."

బంట్రోతు తలుపు పట్టుకొని గుడ్లప్పగించి చూస్తున్నాడు. పెద్దాయన సగం లేచి, "అమ్మాయ్! కూర్చో" అన్నారు. రెండేళ్ళలో మొదటిసారి ఆయన గొంతులో నవ్వు లేదు.

నేను కూర్చోలేదు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరమ్మా మీరు?"

"పదిహేనో తారీఖున మండలి ముందు హాజరైన నూట పదిహేడును నేనేనండీ. నూట పదహారూ నేనే, నూట పద్దెనిమిదీ నేనే. రెండువందల పదకొండుమందీ నేనే."

ప్రభుత్వ లాయరు ఏదో అరుస్తున్నాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, ఫైల్లోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూశారు. "నేను మిమ్మల్ని గది గురించి అడగడం లేదు. హాజరైన ఏ మనిషినైనా అడగాల్సిందే అడుగుతున్నాను. చెప్పుకోవడానికి ఏమైనా ఉందా?"

"ఉందండీ" అన్నాను.

నా వెనక, తలుపుకు లోపలినుంచి ఎవరో గడియ వేశారు.